మే నెలలో వేడినీళ్ల మెషిన్

మే నెలలో మా సిరొంచలో వేడినీళ్లు కావాలంటే పెద్ద కష్టమేమీ లేదు. కుళాయి తిప్పితే చాలు. డాబా మీది నల్ల ట్యాంకు పొద్దంతా ఎండకు కాగి సిద్ధంగా ఉంటుంది. మధ్యాహ్నం కాళ్లు కడుక్కుంటే చాయ్‌లో కాళ్లు పెట్టినట్టుంటుంది. తెలివితేటలు వాడాల్సింది చల్లనీళ్ల కోసమే.

అలాంటి ఊళ్లో, అలాంటి నెలలో, నేను నీళ్లు వేడిచేసే మెషిన్ తయారుచేశాను. నా బుర్ర గురించి ఊళ్లో అంతకుముందు కొందరికి అనుమానం ఉండేది. ఆ తర్వాత ఎవరికీ అనుమానం లేదు.

కారణం మా అక్క. మొదటి కాన్పు. ఆసుపత్రి నుంచి బాబుతో సహా తిన్నగా మా ఇంటికే వచ్చింది. మా ఇంట్లో బాలింతల వ్యవహారాలకు సర్వాధికారి నానమ్మ. ఆమె వెనకగదిని స్వాధీనం చేసుకుంది. కిటికీలకు గోనె పట్టాలు కట్టించింది. గుమ్మానికి గొంగడి వేలాడదీసింది. ఎవరైనా పొరపాటున స్విచ్ వేస్తారేమోనని ఫ్యాను రెక్కల్ని పాత చీరతో కట్టేయించింది. అక్క చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం పక్కన వాము వేసిన కుంపటి. చల్లగాలి తగిలితే బాలింతకు వాతం చేస్తుందట. మే నెలలో సిరొంచకు చల్లగాలి ఎటునుంచి వస్తుందని నేనడిగాను.

"రాదని ఊకుంటమా? అదెప్పుడు ఎటునుంచి ఒస్తదో ఎవలకెరుక," అంది నానమ్మ. దొంగ గురించి మాట్లాడినట్టే మాట్లాడింది.

బావకు ముల్చేరలో సర్కారు కొలువు. బాబును చూడటానికి వచ్చినప్పుడు జీపు మీద పెద్ద కూలర్ తెచ్చాడు. అల్లుడు తెచ్చిన వస్తువు కాబట్టి నానమ్మ వద్దనలేదు. ఎంతో బాగుందని చెప్పి, దాని మొహం గోడవైపు తిప్పించి, పైన చింతపండు ఎండబెట్టుకుంది.

ఇక నీళ్లు. బాలింత స్నానానికి ట్యాంకు వేడి చాలదు. వేలు ముంచినవాళ్లు చెయ్యి విదిలించుకోవాలి, నానమ్మ లెక్కలో అప్పుడే అవి నీళ్లు. పొద్దున ఒక కాగు, సాయంత్రం ఒక కాగు. ఆ ఎండలో పెరట్లో మూడు రాళ్ల పొయ్యి ముందు కూర్చుని కాచేది అమ్మ. నీళ్లకన్నా ముందు ఆమె కాగేది. కరెంటు రాడ్డు పెట్టి చూశాం. ఎండాకాలంలో మా వీధి ఓల్టేజికి ఆ రాడ్డు నీళ్లలో ఈతకు దిగినట్టు ఊరికే పడుకునేది, ఇంట్లో మిగతా ఫ్యాన్లు మాత్రం నీరసపడేవి.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి ఇంట్లో ఉన్నాను. ఇంట్లో ఉన్నాను అంటే ఎవరేం చెప్పినా చేసే స్థితిలో ఉన్నాను. అయితే ఈసారి ఎవరూ చెప్పకుండానే చేశాను. ఫ్రిజ్ వెనక ఎప్పుడైనా చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది, అక్కడ వేడిగా ఉంటుంది. లోపలి వేడిని తోడి వెనక పారేస్తుంది కాబట్టే లోపల చల్లగా ఉంటుంది. ఆ పారేసే వేడిని నీళ్లలో పారేయిస్తే హీట్ పంపు. గాలిలోని వేడిని తోడి నీళ్లకు పడుతుంది కాబట్టి రాడ్డు కన్నా తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి. గాలిలో వేడికి కొదవ లేని ఊరు దేశంలో ఏదైనా ఉందంటే అది మాదే.

ఇదంతా నానమ్మకు ఓపికగా చెప్పాను. ఆమె వెల్లుల్లి ఒలుస్తూ విని, "అంటె ఆకిట్ల ఎండను తెచ్చి కాగుల ఏస్తవ్. గంతేనా?" అంది. మా కాలేజీలో ఏ సారూ ఇంత తొందరగా పాఠం ముగించలేదు.

ఒక లాడ్జి వాళ్లు మూలకు పడేసిన పాత విండో ఏసీ దొరికింది. కంప్రెసర్ ఇంకా బతికే ఉంది. అందులో వేడిని బయటికి వదిలే జాలీని తీసేసి, దాని బదులు రాగి పైపును చుట్టలా చుట్టి స్టీలు డ్రమ్ములో ముంచాలి. వేడి గాలిలోకి పోయేది నీళ్లలోకి పోతుంది. చెప్పడానికి ఇంతే.

రాగి పైపును వంచితే నొక్కుకుపోతుంది. అలా కాకుండా లోపల ఇసుక నింపి వంచాలని ఫోన్‌లో చూశాను. ఇసుకకు మాకేం తక్కువ, పక్కనే ప్రాణహిత. కూరి కూరి నింపి, గ్యాసు సిలిండరు చుట్టూ తిప్పితే చుట్ట అందంగా వచ్చింది. ఇసుక మాత్రం రాలేదు. పైపును ఊపాను, కొట్టాను, ఊదాను, తలకిందులుగా దండెం మీద వేలాడదీశాను. అమ్మ అటువైపు వెళ్తూ, బట్టలెక్కడ ఆరేయాలని మాత్రం అడిగింది.

గ్యాసు నింపే పని నాకు రాదు. బామ్ని నుంచి ఫ్రిజ్‌ల మెకానిక్‌ను పిలిచాను. చుట్టరికం లేకపోయినా మేమందరం మామా అనే పిలుస్తాం. ఏ ఫ్రిజ్‌ను చూసినా ఆసుపత్రిలో పెద్ద డాక్టరులా మొహం పెట్టే మనిషి. నా రాగి చుట్టను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. గరగరమంది.

"ఏందల్లుడా, ప్రాణహితను దీంట్లకెల్లి పారిస్తున్నవా?" అన్నాడు.

కంప్రెసర్‌లోకి ఒక్క రేణువు పోయినా అది ఖతమేనని చెప్పి, తన సిలిండరు గాలితో ఆ ఇసుకంతా ఊదించాడు. మా పెరట్లో చిన్న ఇసుక తుఫాను వచ్చి వెళ్లింది. తర్వాత నేను వేసిన అతుకులకు సబ్బు నురగ పూసి లోపలికి గాలి ఎక్కించి చూశాడు. లీకు ఉన్నచోట బుడగలు వస్తాయి. నా అతుకులన్నింటి దగ్గరా పొయ్యి మీద పాలు పొంగినట్టు పొంగింది. అతను నురగ తుడిచేసి, ఈ అతుకులు నేను వేసినట్టు ఎవరికీ చెప్పొద్దని సలహా ఇచ్చాడు. నా భవిష్యత్తు కోసమట. అన్నీ మళ్లీ తనే వేశాడు.

మెషిన్ ఇంకా ఈ దశలో ఉండగానే అక్క సంగతి తెలిసింది. మధ్యాహ్నం మజ్జిగ ఇవ్వడానికి గొంగడి లేపుకుని లోపలికి వెళ్లాను. లోపల ఆవిరి మీద కుడుములు పెట్టొచ్చు. బాబు వీపంతా చెమటకాయలు, ఎర్రగా పొక్కిపోయి. వాడు మిట్టమధ్యాహ్నం మొదలుపెడితే పొద్దుగూకేదాకా ఏడుస్తాడు. వాడు ఏడ్చినంతసేపు అక్క కూర్చునే ఉంటుంది. కళ్ల కింద నలుపు, చూపు నా మీద ఉన్నా నన్ను చూడటం లేదు.

"ఆదివారం ఆయన ఒస్తడు," అంది. "జీపు తెమ్మన్న. నేను ముల్చేర పోత. నాతోని ఇగ కాదురా."

ఇంకా బాబును తొట్టెలో వెయ్యలేదు. తొట్టెల పండుగ కాకముందే బాలింత పుట్టింటి గడప దాటిపోతే అమ్మ తట్టుకోలేదు. నానమ్మ సంగతి చెప్పనక్కర్లేదు, ఊరికి మొహం చూపించదు. నేనేదో జోకు వెయ్యాలని నోరు తెరిచాను. అక్క మొహం చూసి మూసేశాను. నాకది అలవాటు లేని పని.

నానమ్మకు చెప్పొద్దంది. చెప్పలేదు. అయితే గొంగడి గాలిని ఆపుతుంది గానీ మాటను ఆపదు. బయటికొచ్చేసరికి నానమ్మ గుమ్మం పక్కనే కూర్చుని ఉంది, చేతిలో వెల్లుల్లిపాయ. పొట్టు కొంచెం గట్టిగా లాగింది.

మెషిన్ ఎక్కడ పెట్టాలన్నది పెద్ద ఆలోచన కాలేదు. అంత లోడును మోసే ప్లగ్గు మా ఇంట్లో ఒక్కటే, వెనకగదికీ స్నానాలగదికీ మధ్య నడవలో. డ్రమ్ము స్నానాలగది వైపు ఉంటే నీళ్లు మోయక్కర్లేదు. కాబట్టి మెషిన్ మొహం అటు, వీపు వెనకగది వైపు. వేడి ఎటు పోతుంది, నీళ్లు ఎటు పోతాయి, వైరు ఎటు పోతుంది, అన్నీ ఆలోచించాను. వేడిని తోడేసిన గాలి ఎటు పోతుందో మాత్రం ఆలోచించలేదు. డిప్లొమాలో మంచి మార్కులే వచ్చాయి నాకు.

పరీక్ష రోజున మామ గ్యాసు నింపాడు. స్టెబిలైజరు టకటకా కొట్టుకుని చివరికి ఒక నిర్ణయానికొచ్చింది. కంప్రెసర్ గుర్రుమని గొంతు సవరించుకుంది. అమ్మ, నానమ్మ, మామ, నేను డ్రమ్ము చుట్టూ నిలబడి నీళ్లలోకి తొంగి చూస్తున్నాం, ఏదో కనిపిస్తుందన్నట్టు. నీళ్లు వేడెక్కడం కంటికి కనిపించదని ఎవరికీ తోచలేదు. చాలాసేపటికి నానమ్మ వేలు ముంచింది. పెదవి విరిచింది. ఇంకాసేపటికి మళ్లీ ముంచింది. చెయ్యి విదిలించింది.

అమ్మ పెరట్లోని పొయ్యి వైపు తిరిగి చూసింది. ఇక నీతో పని లేదన్నట్టు చూసింది. ఆ చూపు నాకు ఉద్యోగం వచ్చినంత సంతోషం ఇచ్చింది. ఇచ్చి ఉంటుంది. ఉద్యోగం ఎలా ఉంటుందో నాకు తెలియదు.

అంతలో నానమ్మ చెయ్యి ఎత్తింది. "పోరడు ఏడుస్తలేడు," అంది.

నిజమే. మిట్టమధ్యాహ్నం, ఇంట్లో ఏడుపు లేదు. ఆ నిశ్శబ్దానికి అందరికీ భయం వేసింది. నానమ్మ ఆ వయసులో ఆ నడవలో పరిగెత్తడం నేను చూస్తాననుకోలేదు. గొంగడి లేపి చూస్తే అక్క నోరు తెరుచుకుని నిద్రపోతోంది, గుర్రు పెట్టి మరీ. పక్కన బాబు రెండు చేతులూ చాచి పడుకున్నాడు. మెషిన్ వీపు నుంచి వచ్చే గాలి గొంగడి కింది సందులోంచి గదిలోకి హాయిగా పారుతోంది. చల్లగా.

నానమ్మ ఎదురుచూసిన దొంగ చివరికి వచ్చేశాడు. ప్లగ్గు పెట్టి పిలిచింది మనవడే.

"బంద్ జెయ్యి," అంది నానమ్మ.

బంద్ చేశాను. కాసేపట్లోనే బాబు ఏడుపు మొదలైంది. అక్క లేచి కూర్చుంది. ఎవరి వైపూ చూడకుండా, "మంచిగ నిద్ర పట్టింది నాయినమ్మా," అంది. అంతే. అరిచి ఉంటే నానమ్మ రెట్టింపు అరిచేది. అక్క అరవలేదు.

మామ సామాను సర్దుకుంటూ, మెషిన్ వీపును వేరే వైపు తిప్పాలంటే పైపులన్నీ కోసి మళ్లీ అతకాలని చెప్పి, నా వైపు చూసి, నన్ను మాత్రం అతకొద్దన్నాడు.

నానమ్మ చాలాసేపు బాబును ఒళ్లో బోర్లా వేసుకుని వాడి వీపు చూస్తూ కూర్చుంది. చెమటకాయల మీద వేళ్లు తగలకుండా చుట్టూ రాసింది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లి అప్పడాలు వేయించుకొచ్చింది. ఈ సమయంలో అప్పడాలేమిటని అమ్మ అడగబోయి ఊరుకుంది.

ముందు బావ కూలర్ మీది చింతపండు తీయించి, దాని మొహం మా వైపు తిప్పించి, నీళ్లు పోయించింది. దాని ముందు పీట వేసి ఒక అప్పడం పెట్టింది. మెషిన్ మళ్లీ ఆన్ చేయించి దాని వెనక ఇంకో అప్పడం. రెండింటికీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంది. మేమంతా నిలబడ్డాం. ఇంట్లో కోర్టు పెట్టినట్టుంది, ముద్దాయిలు మాత్రం అప్పడాలు.

చాలాసేపటి తర్వాత కూలర్ ముందరి అప్పడాన్ని ఎత్తింది. అది తోలు ముక్కలా వంగింది. మెషిన్ వెనకది ఎత్తింది. విరిచింది. ఫట్‌మంది. నోట్లో వేసుకుని కరకరా నమిలింది, మేం గుటకలు మింగుతూ చూస్తుండగా.

"కూలరుది తడి గాలి," అని తీర్పు చెప్పింది. "తడి గాలే బాలింతకు వాతం జేస్తది. మా అత్త గదే చెప్పేది. ఇది పొడి గాలి. నీళ్లు కాగంగ మిగిలిన గాలి. దీంతోని ఏం గాదు."

నానమ్మ వాళ్ల అత్త ఇలా తడి, పొడి అని విడదీసి చెప్పినట్టు అంతకుముందు మేమెవరం వినలేదు. పైగా ఆ ఎండకు, కూలర్ ముందు తప్ప సిరొంచలో ఎక్కడ పెట్టినా అప్పడం కరకరలాడుతుంది. నడిరోడ్డు మీద పెట్టినా సరే. ఇది చెప్పడానికి నాకు నాలుక దురద పెట్టింది. అమ్మ నా కాలు తొక్కింది.

అయితే తీర్పులో ఒక మెలిక ఉంది. నీళ్లు కాగినంతసేపే ఆ గాలి. నీళ్లు బాగా వేడెక్కితే వేడి తీసుకునేవాళ్లు లేక కంప్రెసర్ తనంతట తానే ఆగిపోతుంది. గాలి ఆగుతుంది, ఏడుపు మొదలవుతుంది. గాలి రావాలంటే డ్రమ్ములో మళ్లీ బావిలోంచి తోడిన చల్లనీళ్లు పోయాలి. అంటే ఉన్న వేడినీళ్లు ఖాళీ కావాలి. పారబోద్దామన్నాను. నానమ్మ నన్ను చూసిన చూపుకు మెషిన్ అవసరం లేకుండానే నీళ్లు కాగేవి. బాలింత కోసం కాచిన నీళ్లు మోరీలో పోయకూడదట. ఒంటి మీద పోసుకోవాలి.

అలా మా ఇంట్లో మే నెల వేడి స్నానాలు మొదలయ్యాయి. అక్క స్నానం అయ్యాక అమ్మ. అమ్మ తర్వాత నేను. నాన్న పొలం నుంచి చెమటతో వస్తే తువ్వాలు ఇచ్చి స్నానాలగదికి పంపించేవాళ్లం. ఒకరోజు రెండోసారి స్నానం చేయమనేసరికి ఆయన చెప్పులేసుకుని తిరిగి పొలానికే వెళ్లిపోయాడు, అక్కడే కొంచెం చల్లగా ఉందట. పక్కింటి వాళ్లను పిలిచాం. మర్యాదకు ఒక్కసారి వచ్చి, తర్వాత మా తలుపు చప్పుడైతే వాళ్ల తలుపు వేసుకునేవాళ్లు. నా ఒళ్లు అంత శుభ్రంగా అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. అక్క మాత్రం నిద్రపోయేది. బాబు వీపు మీద ఎరుపు తగ్గి చర్మం కనిపించసాగింది. ఆదివారం గురించి అక్క ఏమీ అనలేదు. ఉంటాననీ అనలేదు, పోతాననీ అనలేదు. నానమ్మ అడగనూ లేదు. సంచి మాత్రం సర్దినట్టే మంచం కింద ఉంది.

ఆదివారం సరిగ్గా ఎండ నడినెత్తికొచ్చిన వేళ జీపు ఆగింది. అప్పటికి డ్రమ్ము నిండా వేడినీళ్లు, మెషిన్ ఆగడానికి సిద్ధంగా ఉంది. మేమందరం ఆ రోజు కోటా స్నానాలు చేసేశాం. అక్క లోపల నిద్రలో ఉంది. మెషిన్ ఆగితే లేస్తుంది. లేస్తే ఎదురుగా జీపు. అమ్మ నా వైపు చూసింది, నేను నానమ్మ వైపు చూశాను. నానమ్మ అప్పటికే బావకు ఎదురెళ్లింది.

"రా బిడ్డా. ఎండల వడి ఒచ్చినవ్. ఫస్ట్ తానం జెయ్యి," అంది.

బావ స్నానాలగదిలోకి తొంగి చూశాడు. లోపల బకెట్ మీద పొగలు. వెనక్కొచ్చి నా చెవిలో మెల్లగా, చల్లనీళ్లు లేవా అని అడిగాడు. అవి మెషిన్‌కు కావాలని చెప్పాను. అత్తగారింట్లో మొహమాటపడే మనిషి. పైగా నానమ్మ తువ్వాలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. వెళ్లాడు. లోపలి నుంచి మొదటి చెంబుకు 'అబ్బా' అని వినిపించింది. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. నేను డ్రమ్ములో చల్లనీళ్లు పోస్తూనే ఉన్నాను. కంప్రెసర్ గొంతు సవరించుకుని సాగింది. నానమ్మ బయటి నుంచి, ఇంకో బకెట్ పోసుకోమనీ, మొహమాటం వద్దనీ చెప్తూనే ఉంది.

బావ బయటికొచ్చేసరికి కూరలో వేసిన రొయ్యలా ఉన్నాడు. తల తుడుచుకుంటూ నడవలోకి వచ్చి, మెషిన్ వెనక గాలి తగిలి, అడుగు వెయ్యకుండా అక్కడే నిలబడ్డాడు. తర్వాత గొంగడి లేపాడు. అవసరమైనదానికన్నా ఎక్కువసేపు చూశాడు.

"ఎప్పటిసంది పండుకున్నది?" అన్నాడు.

"నీళ్లు ఎప్పటిసంది కాగుతున్నయో, గప్పటిసంది," అంది నానమ్మ.

బావ అక్కను లేపలేదు. అన్నం తిని, కూలర్ మొహం మళ్లీ గోడవైపు ఎందుకు తిరిగి ఉందో అడగకుండా, దాని మీది చింతపండు వైపు చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రం అక్క తనంతట తానే లేచి, గొంగడి పక్కకు జరిపి తల బయటపెట్టింది. జీపు వచ్చిందని చెప్పాను.

"జీపెందుకు? ఎవలు తెమ్మన్నరు?" అంది.

బావ నోరు తెరిచాడు. నానమ్మ అతని వైపు తిరిగి, పోయేముందు ఇంకోసారి స్నానం చేసి పొమ్మంది. ఆ జీపు తాళం తిప్పగానే స్టార్ట్ అవడం నేను చూడటం అదే మొదటిసారి.

అతను వెళ్లాక నానమ్మ తన నులకమంచాన్ని ఈడ్చుకొచ్చి వెనకగది గుమ్మానికి అడ్డంగా, మెషిన్ వీపుకు ఎదురుగా వేసింది. అల్లుడు గొంగడి సరిగా దించకుండా వదిలేశాడట, గదిలోకి చల్లగాలి ఎక్కువ పోతుందేమో, తను అడ్డం పడుకుని కాపలా కాస్తుందట. కొంగు మొహం మీదికి లాక్కుంది. కాసేపట్లోనే గుర్రు వినిపించింది. లోపల అక్క, బయట నానమ్మ, మధ్యలో కంప్రెసర్, ముగ్గురూ ఒకే శ్రుతిలో.

డ్రమ్ములో వేలు ముంచి చూశాను. చెయ్యి విదిలించుకోవాల్సి వచ్చింది. మెషిన్ ఆగడానికి ఇంకెంతోసేపు లేదు. తువ్వాలు భుజాన వేసుకుని స్నానాలగదిలోకి వెళ్లాను.